తలుపు పక్క చోటు

రాయగడలో మా కంపెనీ బస్సు డ్రైవర్లందరికీ నేనొక ట్యాంకు డ్రైవర్ని. ఎన్నిసార్లు చెప్పినా అంతే. టీ కొట్టు దగ్గర కొత్తవాడెవడైనా కనబడితే చాలు, "ఈయన ఆర్మీలో ట్యాంకు నడిపేడు" అని నా భుజం తడతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ట్యాంకు కాదురా నాయనా! ట్యాంకు పోట్లాడుతుంది గానీ మనుషుల్ని దింపదు. నేను నడిపింది మనుషుల్ని తీసుకెళ్ళి దింపే బండి.

చివరికి సంతకి వెళ్ళేవాళ్ళకి చెప్పినట్టు చెబుతాను. కాలిబంటు సైన్యంలో కొందరు నడిచే వెళ్తారు. మోటరైజ్డ్ అనే వాళ్ళు లారీల్లో వెళ్తారు. లక్ష్మీపూర్ సంతకి జనాన్ని దింపేసే జీపు ఉంటుంది చూడండి, ఆ లారీ కూడా అంతే. తుపాకులు పేలే చోటుకి ఇవతలే దింపేసి వెనక్కి తిరిగిపోతుంది, మిగతా దూరం వాళ్ళ కాళ్ళదే. మాది మెకనైజ్డ్. చక్రాలుండవు, ఇనప గొలుసు పట్టాల మీద నడిచే బండి, నెత్తిన ఫిరంగి. మనుషుల్ని దింపాక వెనక్కి పోదు, వాళ్ళ పక్కనే కాలుస్తూ ముందుకు పోతుంది. ఒక బండీ దాని పదిమందీ కలిస్తే సెక్షన్. అలాంటి బండ్లు మూడైతే ప్లటూన్, మూడు ప్లటూన్లు కలిస్తే కంపెనీ, కంపెనీలన్నీ కలిస్తే బెటాలియన్. పదిమందిలో ముగ్గురు బండి వాళ్ళు, అంటే కమాండరు, గన్నరు, డ్రైవరు. కొంప మునిగినా వాళ్ళు బండి దిగకూడదు. తక్కిన ఏడుగురూ దిగేవాళ్ళు. వెనక తలుపులు తెరుచుకోగానే దూకాలి.

నేను ఆ ముగ్గురిలో ఒకణ్ణి. నా నేస్తం ఆ ఏడుగురిలో ఒకడు.

టీ తాగేవాళ్ళు ఇంతవరకూ వింటారు. నేనూ వాళ్ళకి ఇంతవరకే చెబుతాను.

మా నాన్న పొట్టంగిలో గవర్నమెంటు గుమాస్తా. తాతల నాడు సంస్థానం కొలువులో ఉన్నామని, ఆ దర్పం మా ఇంట్లో ఇంకా పోలేదు. నేస్తం వాళ్ళది పొట్టంగికి పైన కొండ మీద ఊరు, ఇంట్లో వాళ్ళ భాష వేరు. వాళ్ళమ్మ అల్లం, పసుపు నెత్తిన పెట్టుకుని ఘాటీ దిగి సాలూరు సంతకి పోయేది. అలా పోయి పోయి మా తెలుగు మాకంటే బాగా మాట్లాడేది. దారిలో మా ఇంటి దగ్గర గంప దింపి, "బాబూ, అమ్మగారున్నారేటి?" అని అడిగేది. అప్పటికి నేను నిక్కర్లు వేసుకునే పిల్లవాణ్ణి. అయినా బాబునే. ఆఫీసు వాళ్ళ పిల్లలందరూ వాళ్ళకి బాబులే.

స్కూల్లో మేమిద్దరం ఒకే బల్ల. ఎప్పుడూ కలిసి తిరుగుతున్నామని మా అమ్మా వాళ్ళమ్మా కలిసి మాకు నేస్తం కట్టేశారు. మా వైపు అదొక పద్ధతి. ఇద్దర్నీ పీట మీద కూర్చోబెట్టి, కొత్త తువ్వాళ్ళు మార్పించి, ఒకే విస్తట్లో తినిపించారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. నేస్తం అంటే నేస్తమే. వాడి కష్టం నాది, వాడి అమ్మ నాకూ అమ్మ. మా నాన్న ముఖం మాడ్చుకుని అరుగు మీదే కూర్చున్నాడు. వాళ్ళమ్మ మాత్రం చెయ్యి కడుక్కుని లేస్తూనే, "ఒరే పెద్దోడా, ఆ సెంబిలాగియ్యి" అంది. వాడికంటే నేను కొన్ని నెలలు పెద్ద. బాబు పోయి ఒరే వచ్చింది. నాకెంత గర్వమో! ఆ చెంబు పరుగెత్తుకెళ్ళి తెచ్చాను.

వాడికి బస్సు పడదు. సుంకి ఘాటీలో మొదటి మలుపు తిరిగీ తిరగక ముందే కక్కేసేవాడు. సాలూరు పోయినప్పుడల్లా వాళ్ళమ్మ నా చెవిలో అదే పాట. "ఓలమ్మ, ఈడికి కడుపులో తిప్పేస్తాదిరా పెద్దోడా. తలుపు కాడ కూకోబెట్టు. గాలి తగిల్తే కుదుటపడతాడు." నేను కండక్టర్లతో దెబ్బలాడి, మూటలు జరిపించి, ముసలాళ్ళ చేత తిట్లు తిని, వాడికి తలుపు పక్క చోటు సంపాదించేవాణ్ణి. సాలూరులో దిగాక ఏడిపించేవాణ్ణి కూడా. "బస్సు తలుపుకి మీ అమ్మ వండిన అంబలంతా తాగించేశావు కదరా" అంటే, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ నవ్వేవాడు. వాడికి కోపం రాదు. ఇద్దరి కోపమూ నాకే వచ్చింది.

కోరాపుట్‌లో ఆర్మీ సెలక్షన్లు జరిగినప్పుడు ఇద్దరం పరుగెత్తాం. కొండ ఎక్కి దిగిన కాళ్ళు, వాడు అందరికంటే ముందు. నేను ఎలాగో గట్టెక్కాను. ట్రైనింగయ్యాక ఇద్దర్నీ ఒకే బెటాలియన్‌కి పంపడం మా అదృష్టమనుకున్నాం. నాకు అంతకుముందే జీపు నడపడం వచ్చు గనుక డ్రైవరు కోర్సుకి పంపారు. వాడు మా బండిలోనే, తుపాకీ పట్టుకుని వెనక కూర్చునే వాళ్ళలో పడ్డాడు. మొదటిసారి సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తుంటే వాళ్ళమ్మ కోరాపుట్ స్టేషన్ దాకా వచ్చింది. రైలు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని, "ఆర్మీ బండైనా బండే గదరా. తలుపు కాడ కూకోబెట్టు. మరిసిపోకు" అంది.

"అలాగేనమ్మా" అన్నాను.

ఆ బండి లోపల ఎలా ఉంటుందో చెప్పాలి. డ్రైవరు ముందు ఒక్కడే, ఇంజను పక్కన. బయటికి చూడాలంటే ఇరుకు అద్దాలు. నడుమ కమాండరు, గన్నరు. వెనక డబ్బాలో దిగేవాళ్ళు వీపుకి వీపు ఆనించి కూర్చోవాలి. తలుపులు మూస్తే గాలాడదు, డీజిలు వాసన, చెమట, ఒకటే కుదుపు. కొత్తలో అందరూ కక్కుతారు. మా వాడు కమాండరు బూట్ల మీదే కక్కాడు. నేను వెళ్ళి, "సాబ్, వీణ్ణి తలుపు పక్కన కూర్చోబెట్టండి, వీడికి చిన్నప్పట్నుంచీ ఇంతే" అని చెప్పాను. కమాండరు మంచివాడు. "సరే, నా బూట్లయినా బతుకుతాయి" అని నవ్వి చోటు మార్చాడు.

తలుపు పక్క వాడే తలుపు తెరవాలి. తెరిచినవాడే ముందు దిగాలి. లేకపోతే వెనకవాళ్ళు దిగలేరు. ఇందులో ఎవరి కుట్రా లేదు, బండి కట్టుబడే అంత. వాడికి అదో సరదా కూడా. "ముందు దిగీది నానేరా నేస్తం. నువ్వలాగే ఆ డబ్బాలో ఉడుకు" అనేవాడు.

తర్వాత మమ్మల్ని సరిహద్దు కొండల్లోకి పంపారు. అక్కడ యుద్ధమేమీ లేదు. ఆ మాటంటే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది, యుద్ధం కూడా లేదు. వానలు పడి ఒక వాగు దారి మార్చుకుంది. బండి దాటుతుందో లేదో చూడాలని కమాండరు ఆపమన్నాడు, ఏడుగురినీ దిగమన్నాడు. వెనక తలుపు చప్పుడు నాకు వినిపించింది. అద్దంలోంచి వాడు కనిపించాడు. నా ఎడమ పక్కగా వచ్చి, బండి ముందు నుంచి గట్టు మీదకి నడిచాడు. మిగతావాళ్ళు ఇంకా వెనకే ఉన్నారు. ఏనాటిదో పాత మందుపాతర, వరదలో కొట్టుకొచ్చి ఆ గట్టులో కూరుకుపోయి ఉంది. ఇంజను హోరులో నాకు పెద్ద చప్పుడేమీ తెలియలేదు. అద్దం నిండా మట్టి లేచింది. మట్టి అణిగేసరికి వాడు నిలబడి లేడు.

హెల్మెట్‌లో కమాండరు గొంతు. "డ్రైవర్, దిగొద్దు. ఇంజను ఆపొద్దు."

దిగలేదు. డ్రైవరు దిగితే బండి గుడ్డిది, బండి గుడ్డిదైతే బయటున్న వాళ్ళకి దిక్కు లేదు. అలాగే నేర్పారు, అది నిజం కూడా. ఆ నిజాన్ని నేను ఎన్ని బూతులు తిట్టుకున్నానో! వాణ్ణి మోసుకొచ్చి వెనక నేల మీద పడుకోబెట్టారు. నేను బండి తిప్పాను. వెనక్కి తిరిగి చూడ్డానికి డ్రైవరుకి దారి ఉండదు. ఎంత వేగంగా నడిపానో నాకే తెలియదు. కొంతదూరం పోయాక హెల్మెట్‌లో మళ్ళీ కమాండరు గొంతు వినిపించింది. "నెమ్మదిగా పోనీ. ఇంక తొందర లేదు."

నాకు తెలిసింది అలాగే.

వాణ్ణి కొండ మీద వాళ్ళ ఊరికి తీసుకొచ్చాం. నేస్తం గనుక పాడెకి ముందు భుజం నాది. మాతో వచ్చిన సూబేదారుకి హిందీ తప్ప రాదు. వాళ్ళమ్మ ముందు టోపీ తీసి నిలబడి చెప్పాడు: మీ అబ్బాయి అందరికంటే ముందు దిగాడు, తలుపు పక్క కూర్చున్నవాడే ముందు దిగాలి, ఒక్క క్షణం వెనకాడలేదు. దాన్ని తెలుగులో చెప్పాల్సింది నేను. ముందు దిగాడని చెప్పాను. వెనకాడలేదని చెప్పాను. తలుపు మాట మింగేశాను.

పదోనాడు అయ్యాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఆమె వాకిట్లో చేట ముందేసుకుని పసుపు కొమ్ములు ఏరుతోంది. ఏరాల్సినవి కావు, ఊరికే చెయ్యి ఆడిస్తోంది. నన్ను రమ్మని పక్కన కూర్చోమంది.

"ఒరే పెద్దోడా, ఏడుగురు దిగేరన్నావు. మరీడే ముందెందుకు దిగేడు?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు సిద్ధం చేసుకునే ఉన్నాను.

"ఆ రోజు వాడి వంతమ్మా. రోజుకొకరు ముందు దిగుతారు. ఆర్మీలో అంతే."

ఆర్మీలో అలాంటి వంతులేవీ లేవు. అన్ని బెటాలియన్లు, అన్ని బండ్లు ఉన్న ఆర్మీ, నా ఒక్క అబద్ధం మొయ్యలేదా అనుకున్నాను. ఆమె తలూపింది. హమ్మయ్య అనుకునే లోపలే మళ్ళీ తలెత్తింది.

"కళ్ళు తిరిగుంటాయిరా ఆడికి. గాల్లేక కడుపులో తిప్పేసుంటాది. అడుగెక్కడేస్తన్నాడో తెలిసుండదు." నా ముఖంలోకి చూసింది. "తలుపు కాడ కూకోబెట్టమన్నాను గదా. కూకోబెట్టేవా?"

ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. కూర్చోబెట్టానంటే ఇవాళ్టికి సంతోషిస్తుంది. కానీ మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆర్మీలో ఉన్నవాళ్ళు తక్కువ కాదు. ఎవడో ఒకడు సెలవు మీద వస్తాడు, ఈమె అడుగుతుంది, తలుపు పక్క వాడే ముందు దిగుతాడమ్మా అని వాడు చెప్పేస్తాడు. అప్పుడు ఆమెకి తెలిసిపోతుంది, కొడుకుని అక్కడ కూర్చోబెట్టించింది తన మాటేనని. ఇక ఆ మాటతోనే ఆమె పడుకోవాలి, ఆ మాటతోనే లేవాలి. నా వల్ల కాదనుకున్నాను.

"లేదమ్మా, మర్చిపోయాను. వాడు నడుమ కూర్చునేవాడు."

చేతిలో కొమ్ము చేటలో పడేసింది.

"ఒక్క మాట సెప్పేను నీకు" అంది. చేట ఒళ్ళోకి లాక్కుని, "ఒక్కటే గదా సెప్పేను."

నాకు గొంతు చించుకుని అరవాలనిపించింది. చేశానమ్మా, నువ్వు చెప్పిన ప్రతిసారీ చేశాను, సాలూరు బస్సులో చేశాను, ఆ దిక్కుమాలిన ఇనప డబ్బాలోనూ చేశాను! పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నా సర్వీసు ముగించుకుని రాయగడ వచ్చాను. కంపెనీ వాళ్ళని పొద్దున దింపి, సాయంత్రం ఎక్కించుకుని తిరిగొస్తాను. ఎక్కినవాళ్ళందరూ దిగుతారు, దిగినవాళ్ళందరూ మళ్ళీ ఎక్కుతారు. నాకు అది చాలు. ఏటా పసుపు తవ్వే రోజుల్లో పొట్టంగి వెళ్ళి, కొండెక్కి ఆమెని చూసి వస్తాను. మొదటి ఏడు వెళ్ళినప్పుడు, ఆమె పెరట్లోంచి వచ్చి నన్ను చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని, లోపల్నుంచి చాప తెచ్చి అరుగు మీద పరిచింది. తను గుమ్మం పక్కన నిలబడే ఉంది.

"రండి బాబూ, కూకోండి. అమ్మగారు బాగున్నారేటి?"

"బాగున్నారమ్మా" అని కూర్చున్నాను.