పట్టపగలు మిణుగురులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు మా అవ్వ బొటనవేలు వచ్చేది. అవ్వ అంటే మా నాన్నను కన్న తల్లి. లేచినవాళ్ళను లేచినట్టు నిలబెట్టి, మోకాలి కింద ఎముక మీద గట్టిగా నొక్కి, వేలు తీసి చూసేది. గుంట పడకపోతే కాఫీ. పడితే ఒంట్లో నీరు చేరినట్టు, గలిజేరాకు, పల్లేరు కాయలు వేసి కాచిన కషాయం. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ నుంచి కాళ్ళు వాచినవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని మా అరుగెక్కేవాళ్ళు. వారం తిరిగేసరికి ఆ చెప్పుల్లో కాళ్ళు పట్టేవి.

మాది ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే వరి పొలాల ఊరు. నీటి గురించి అవ్వ నేర్చుకున్నదంతా ఆ పొలాల్లోనే. మడిలో నీరెక్కువైతే తూము తెరవాలి, అది మురుగు కాలవలో పడి సముద్రానికి పోతుంది. ఒళ్ళూ అంతేననేది. నేనిప్పుడు నెల్లూరులో మా వీధి ఆడవాళ్ళకు యోగా నేర్పుతూ జలతత్త్వం, కఫం, వరుణ ముద్ర అని నోరు నిండే మాటలు చాలా వాడతాను. తప్పకుండా వచ్చేది అయిదుగురే కాబట్టి మా ఆయన వాళ్ళను పంచభూతాలంటారు. నేను ముద్ర పట్టమంటాను, వాళ్ళకు నిద్ర పడుతుంది. అవ్వ ఒక్క వేలితో ఊళ్ళను నిలబెట్టింది మరి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అవ్వ కూతురు, మా అత్త, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. కాళ్ళకు నీరు వచ్చి ఉంది. అవ్వ రోజుకు రెండు గ్లాసుల కషాయం మొదలుపెట్టింది. అత్త ముక్కు మూసుకుని, నన్ను తిట్టుకుంటూ తాగేది. తల్లిని తిట్టలేదు కదా!

ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని అచ్చనగాయలు ఆడుతుంటే అత్త కళ్ళు నులుముకుంది.

"తల పగిలిపోతా ఉండాది మే. కళ్ళ ముందర మిణుగురులు తిరగతా ఉండాయి."

"పట్టపగలా?"

"మీ అవ్వతో చెప్పబాక. ఇంకో గ్లాసు తాగిస్తాది."

పెద్దవాళ్ళ రహస్యం నా చేతికి దొరకడం అదే మొదలు. మూడు రోజులు దాన్ని బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగాను. ఆ మూడు రోజులూ తూర్పు గాలి ఆగలేదు. సముద్రం పోటు మీద ఉండి మురుగు కాలవలో నీరు వెనక్కి నడిచింది. తాత తూములన్నీ బిగించి, గట్టు మీదే కాపలా కూర్చున్నాడు. ఇంట్లో అత్త ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. ముఖం ఉబ్బింది. పక్కింటామె చూసి, "ఒంటికి నీరు బాగా పట్టింది, ఇంక కాన్పు సులువే" అంది. అందరం నమ్మాం. మూడో రోజు సాయంత్రం వాకిట్లో నేను ఎదురుగా నిలబడితే అత్త కళ్ళు చిట్లించి, "ఎవురది?" అంది. ఆట పట్టిస్తోందనుకుని నవ్వాను.

మర్నాడు పొద్దున అవ్వ కషాయం రెండింతలు చిక్కగా కాస్తోంది. నా గొప్ప ఇక కడుపులో ఇమడలేదు.

"అవ్వా, అత్తకు పగలే మిణుగురులు కనపడతా ఉండాయంట. నాకొక్కదానికే చెప్పింది."

గరిటె ఆగింది. "ఎప్పటి నించి?"

మూడు వేళ్ళు చూపించాను.

అవ్వ లోపలికి పోయి ఈసారి కాలు కాదు, అత్త ముంజేయి నొక్కింది. గుంట పడింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పది దాటినా అది పూడలేదు. అవ్వ వచ్చి, పొయ్యి మీది కుండ దించి పెరట్లో గుమ్మరించింది. గట్టు మీంచి అప్పుడే వచ్చిన తాతకు బండి కట్టమని కేకేసింది.

పక్కింటామె బుగ్గలు నొక్కుకుంది. "ఏంది పెద్దమ్మా, ఊళ్ళకంతా మందిచ్చేదానివి కన్నకూతుర్ని ఆస్పత్రికి తోలతావా? జనం నవ్వరా?"

"నవ్వనీమే. పోటు మీద తూము తెరిస్తే ఏమవతాది? ఉన్న నీళ్ళు పోవు, ఉప్పు నీళ్ళు లోపలికొస్తాయి. నా మందు మడికే. ఇది సముద్రం."

బండిలో అత్త తల నా ఒళ్ళో పెట్టారు. దారికి రెండు వైపులా నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి ఉన్నాయి. రోడ్డు దాకా బండి, అక్కడి నుంచి బస్సు. నెల్లూరు ఆస్పత్రి మెట్ల మీదే అత్త ఒళ్ళు విల్లులా వంగిపోయింది. గర్భిణులకొచ్చే గుర్రపువాతం మూర్ఛ అని చుట్టూ చేరినవాళ్ళు అన్నారు. రక్తపోటు అని డాక్టరమ్మ అంది. పోటు అనే మాట చెవిన పడగానే అవ్వ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు చిట్లింది.

అత్త దక్కింది. బిడ్డ దక్కలేదు. "ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే" అని డాక్టరమ్మ మొదలుపెట్టి, అవ్వ ముఖం చూసి ఆపేసింది.

ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ అవ్వ ఒకటే చెప్పింది. "ఈ పిల్ల చెప్పబట్టి నా కూతురు బతికింది." నా మూడు వేళ్ళ సంగతి ఎవరి దగ్గరా అనలేదు. పెద్దయ్యాక ఒకసారి నేనే ఏడుస్తూ ఎత్తబోతే, "నువ్వు చిన్నపిల్లవి మే. అడగాల్సిందాన్ని నేను. కాళ్ళు చూసినా, మనిషిని చూడలా" అంది.

అందుకే నా దగ్గరికి ఎవరైనా వాపులకు ముద్ర అడిగితే, ముందు తలనొప్పి ఉందా, చూపు మసకగా ఉందా, ఆయాసం వస్తుందా అని అడుగుతాను. ఒక్కదానికి తలూపినా డాక్టరు దగ్గరికి తోలేస్తాను. ఆ టీచరమ్మకు ఏమీ రాదు, ఊరికే ప్రశ్నలేస్తుందని వీధిలో పేరు. నిజం కూడా కొంత ఉంది కాబట్టి కాదనను.

మా అత్తకు ఎనభై దాటాయి. నేను వెళ్ళినప్పుడల్లా వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, "ఇది చెప్పబట్టే నేనుండాను" అంటుంది. నేను నవ్వుతాను. ఎన్ని రోజులు ఆగి చెప్పానో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. అరవై ఏళ్ళకు పైగా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.