విమానం పోయేదాకా

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నా రిపేరు దుకాణంలో ఒక మిక్సీని విప్పుకుంటూ చిరుత సంగతి చెప్పుకొస్తున్నాను. వారమంతా టీవీలో అదే గోల. విమానాశ్రయం గోడ దగ్గర చిరుత తిరుగుతోందన్నారు, బోను పెట్టారు, బోనులో మేకను కట్టారు. తీరా కెమెరాకు చిక్కింది అడవిపిల్లి. "ఇగ ఆ మేక ఏమన్నదో ఎరికేనా..." అనేంతలో నెత్తి మీదికి విమానం వచ్చింది. ఆగాను. మా శంషాబాద్‌లో అందరం ఆగుతాం. మాట సగంలో ఉన్నా, తిట్టు సగంలో ఉన్నా విమానం పోయేదాకా నోరు తెరిచి అలాగే ఉండి, ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటాం. కొత్తగా కిరాయికి దిగినవాళ్లు మాకేదో జబ్బనుకుంటారు. విమానం పోయింది. అందుకుందామని తలెత్తితే ఎదురుగా ఎవరూ లేరు. ఇంతసేపూ మిక్సీకి చెబుతున్నానన్నమాట. అది కూడా మోటారు కాలిపోయిన మిక్సీ.

ఈ మాటలు వినేందుకు ఒకాయన ఉండేవాడు, పక్క దుకాణం దర్జీ చాచా. శుక్రవారం నమాజు చేసి వచ్చి, బల్ల మీద గుడ్డ పరిచి, గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, కళ్లద్దాల మీదుగా నా వైపు చూసేవాడు. వారం కబుర్లు మొదలుపెట్టమని దానర్థం. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, కానీ ఈ పాఠం మాత్రం ఏనాడూ ఎగ్గొట్టలేదు. శనివారం నుంచే కబుర్లు ఏరి పెట్టుకునేవాణ్ణి. కొత్త సినిమాలో హీరో ఒక్క గుద్దుకు పదిమందిని గాల్లోకి లేపాడని, వాళ్లలో ఒక్కడికీ బోర్డింగ్ పాసు లేదని చెప్పేవాణ్ణి. ఆరాంఘర్ చౌరస్తాలో బరాత్ ఊరేగింపు ఇరుక్కుంటే పెండ్లికొడుకు గుర్రం దిగి ఎవరిదో బండెక్కి పోయాడని, గుర్రం మాత్రం బుద్ధిగా సిగ్నల్ పడేదాకా నిలబడిందని చెప్పేవాణ్ణి. చాచా నవ్వుకు చప్పుడు ఉండేది కాదు. ముందు భుజాలు కదిలేవి, తర్వాత ఒక సూది, వెనకే ఇంకోటి నేల మీద రాలేవి. నాకు చప్పట్లంటే అవే. సరిగ్గా నవ్వు పుట్టే చోటుకే విమానం వచ్చేది. అప్పుడు చాచా చూపుడువేలు పైకెత్తేవాడు. వేలు దిగాకే నా మాట.

మా ఇంటామె పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి చెప్పారు. చాచా ఏమీ చెప్పలేదు. ఆ శుక్రవారం నేను షట్టరు సగం దించి లోపల కూర్చుంటే, వచ్చి దాన్ని పైకి లేపి, "ఏంది బేటా, ఈ వారం దునియాల ఏం కాలేదా?" అన్నాడు. అని నోట్లో సూదులు పెట్టుకున్నాడు. ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. ఒక్క సూదీ రాలలేదు. చివరిదాకా విన్నాడు.

పోయిన ఏడాది సూదిలోకి దారం ఎక్కడం లేదని దుకాణం ఎత్తేశాడు. కొడుకు రావిర్యాలలో ఇల్లు తీసుకుంటే అక్కడికి పోయాడు. ఇప్పుడా దుకాణంలో ఫోన్ కవర్లు అమ్మే ఆయన చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే. నేను చాచాకు ఫోన్ చేయలేదు. చేతకాక కాదు, భయపడి. నోట్లో సూదులుండబట్టి నోరు మూసుకుని విన్నాడేమో, ఖాళీ నోరుంటే "చాలు తియ్" అంటాడేమో అని.

చివరికి ఆ మిక్సీని పక్కన పెట్టి నంబరు నొక్కాను. కొడుకు ఎత్తి ఆయనకిచ్చాడు. సలాములయ్యాయి, మోకాళ్ల నొప్పులయ్యాయి. చిరుత మొదలుపెట్టాను, బోను దాకా వచ్చాను, మేక దాకా వచ్చాను. మళ్లీ విమానం. ఆగాను. ఇన్నాళ్ల తర్వాత, ఫోన్లో, ఎవరైనా ఏం చేస్తారు? హలో హలో అని పెట్టేస్తారు. చప్పుడు పలచబడ్డాక అవతల కొడుకు లైను కట్టయిందా అని అడగడం వినిపించింది. కట్ కాలేదు, విమానం పోతోంది, జర ఆగమని వాళ్ల ఉర్దూలో చెబుతున్నాడు చాచా. తర్వాత నాతో, "ఆఁ బేటా. మేక ఏమన్నది?"

"చిరుత కోసమని తయారై కూసుంటే పిల్లి వచ్చె, ఇగ ఏ మొకం పెట్టుకొని మందలకు పోవాలె అన్నది చాచా."

అవతల ఏ చప్పుడూ లేదు. భుజాలు కదిలాయేమో ఫోన్‌కు ఎలా తెలుస్తుంది, రాలడానికి ఇప్పుడు నోట్లో సూదులు కూడా లేవు. అడగబుద్ధి కాలేదు. ఫోన్‌ను భుజంతో చెవికి నొక్కిపట్టి మిక్సీని మళ్లీ ముందుకు లాక్కున్నాను. కాలమూ మన నెత్తి మీదుగా విమానంలాగే పోతుంటుంది, మాట సగంలో ఉందని అది ఆగదు. అది పోయేదాకా అవతల ఎవరో ఒకరు వేలెత్తి పట్టుకుని ఉంటే, మనం ఆగిన చోటు మనకు దొరుకుతుంది.