చెప్పి చేసే కాశీరాం మామ

మా కాశీరాం మామ ఏ పనైనా ముందు చెప్పి, తర్వాత చేస్తడు. చెప్పకుండ తుమ్మడు గూడ.

"తుమ్ముతున్న, జర చూసుకోండ్రి" అని చెయ్యి లేపుతడు. మేమంత తయారై కూసుంటం. తుమ్ము వస్తే వస్తది. రాకపోతే, "రద్దయింది, మీ పని మీరు చూసుకోండ్రి" అంటడు.

ఆయన మా ఇంటికి వచ్చుడు చూడాలె. మొదలు ఫోన్. "అల్లుడూ, బస్టాండు దాటిన." ఐదు నిమిషాలకు ఇంకోటి. "మీ గల్లీ మూలకున్న." మళ్ల ఇంకోటి. "వాకిట్లకొచ్చిన. ఇప్పుడు తలుపు కొడుత." అప్పటికే నేను తలుపు తెరిచి ఎదురుంగ నిలవడి ఉంట. అయినా ఫోన్ పెట్టేసి, తెరిచిన తలుపునే రెండుసార్లు కొట్టి లోపలికొస్తడు.

మా ఆర్మూర్ల గిసొంటి మనిషి బతుకుడు కష్టం. ఒకదిక్కు హైవే మీద లారీల హారన్లు, ఒకదిక్కు పసుపు కొనేటోళ్ల కేకలు. నేను మార్కెట్ల కాంటా దగ్గర పనిచేస్త. ఒకనాడు మామ నన్ను చూడనీకి వచ్చిండు. ముందు హమాలీ బుచ్చన్న బస్తా ఎత్తుకుని పోతున్నడు. మామ ఆయన ఎనకకు పోయి, చెవికాడ మెల్లగ, "బుచ్చన్నా, నీ ఎనక నేనున్న. భయపడకు" అన్నడు.

బుచ్చన్న ఎగిరి దుంకిండు. బస్తా పడి పసుపు కొమ్ములు చెల్లాచెదురైనయి.

"చెప్పిన గద బుచ్చన్నా!"

"చెప్పినందుకే ఉలిక్కిపడ్డనే!"

గీ అలవాటు ఆయనకు హైదరాబాద్ల అంటుకున్నది. అక్కడ ఒక పరిశోధన కేంద్రంల పద్దెనిమిదేండ్లు ఎలుకలను చూసుకునే నౌకరీ చేసిండు. చిట్టెలుకకు మత్తిచ్చి, నెత్తి మీద గోరంత అద్దం కిటికీ పెడుతరంట. గాయం మానినంక, అది మేలుకునే ఉండంగ, ఆ కిటికీల నుంచి లైటు వేసి చూస్తే మెదడుల రక్తం ఎట్ల పారుతున్నదో, ఏ జాగ పనిచేస్తున్నదో తెర మీద కనవడుతది. బొమ్మ తీసుడు సైంటిస్టుల పని. ఎలుక బెదరకుండ చూసుడు మామ పని. దినాం చేతుల పట్టుకుని, మిషిన్ సప్పుడు వినిపించి, చుక్క చుక్క తీపి పాలు పోసి, ఏం చెయ్యబోతున్నరో చెప్పి అలవాటు చేస్తుండె.

"ఎలుకకు తెలుగొస్తదా మామా?" అని అడిగిన.

"దానికొస్తది. మా సైంటిస్టుకే రాదు, తమిళాయన."

పోయినేడు నన్ను కన్న మా అవ్వ, మామకు సొంత అక్క, లసుమవ్వ బీడీలు చుట్టుకుంటనే పక్కకు ఒరిగింది. ఎడమ చెయ్యి కాసేపు లేవలే. నిజామాబాద్ల డాక్టరు మందులు రాసిచ్చి, "మెదడుకు రక్తం ఎక్కడ ఆగుతున్నదో చూడాలె. ఎమ్మారై తియ్యాలె" అన్నడు.

మొదటిసారి సొరంగం లెక్కున్న ఆ మిషిన్ల సగం లోపలికి పోంగనే అవ్వ కేకలు పెట్టింది. రెండోసారి బల్ల ఎక్కకముందే దిగింది. "బతికుండంగనే బొందల పెడుతరారా?" అని ఏడ్సింది. మత్తిచ్చి తీద్దామంటే, నలభై ఏండ్ల తంబాకు దుమ్ముకు ఊపిరితిత్తులు ఖరాబైనయి, మత్తు మంచిది కాదన్నడు డాక్టరు. నాకు భయమై, కోపమొచ్చి, అవ్వ మీద ఒర్రిన. ఆమె గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

మామ వచ్చిండు. మూడు ఫోన్ల తర్వాతనే వచ్చిండు. అంత విని, "నాలుగు దినాలియ్యి అల్లుడూ" అన్నడు.

తెల్లారి మా వాకిట్ల ట్రాక్టర్ ఆగింది. దాని మీద ఆలూర్ రైతు దేవన్న ఇచ్చిన డ్రమ్ము. పసుపు ఉడకవెట్టేది, పాతది, అడుగు ఊడిపోయింది. దాన్ని అడ్డం పండవెట్టి, లోపల చద్దరు పరిచిండు. మొదటి దినం అవ్వను దాని పక్కన కూసోవెట్టి చాయ్ తాపిండు, అంతే. రెండో దినం తానే లోపలికి పోయి, కాళ్లు బయటవెట్టి ముచ్చట చెప్పిండు. తర్వాత అవ్వ తలకాయ పెట్టింది. బయటికి రాంగనే చేతిల పల్లిపట్టి ముక్క.

మూడో దినం అవ్వ నిండ లోపలికి పోయింది. మామ కట్టె పట్టుకుని, "అక్కా, మిషిన్ గిట్లనే సప్పుడు చేస్తది. కొడుతున్న" అని, టక్కుమని కొట్టిండు. "మళ్ల కొడుత." టక్ టక్. "ఇప్పుడు జర గట్టిగ కొడుత."

లోపలి నుంచి అవ్వ గొంతు. "ఓరి తమ్మీ, చెప్పుడు ఆపి కొట్టురా! నిద్ర వడుతలేదు!"

గల్లీల ఆడోళ్లు జమైండ్రు. "ఏందయ్యా, లసుమవ్వను ఉడకవెడుతుండ్రా?" అవ్వ బయటికొస్తే నెత్తి నుంచి పాదాల దాక పచ్చగ, పెండ్లిపిల్ల లెక్కున్నది.

గా సాయంత్రం అడిగిన. "ఎలుకలకంటే సరే. మనుషులకెందుకు మామా, గిన్ని చెప్పుడు?"

"ఒకసారి కొత్త పిలగాడు ట్రే కింద పడేసిండు బిడ్డా. ఎలుక కదల్లే. మీసం గూడ ఊగలే. తెర మీద చూస్తే, లోపల రక్తపు నరాలన్ని ఉబ్బినయి, మెదడంత రంగులైంది. గంత భయం, పైకి ఏం లేదు. అందరి నెత్తికి అద్దాలు పెట్టలేం గద. ఎవలి లోపల ఏమున్నదో ఏం తెలుసు? చెప్పి చేస్తే మనదేం పోతది?"

గోడ దిక్కు తిరిగి పండుకున్న అవ్వ వీపు నా కండ్ల ముందటికొచ్చింది.

ఐదో దినం నిజామాబాద్ పోయినం. మిషిన్ నడిపే అమ్మాయి దీక్షిత ఒక మనిషి తోడుండొచ్చన్నది. మామ గడియారం, బెల్టు, తాళాలు తీసి ఆమె చేతిల పెట్టి, "రెండు కట్టుడు పండ్లున్నయమ్మా, అవి గూడ తీస్తున్న" అని, చెప్పినట్టే తీసిండు. లోపల అవ్వ అరిపాదం పట్టుకుని నిలవడ్డడు. ఇరవై ఐదు నిమిషాలు అవ్వ కదల్లే.

"గింత సాఫ్ బొమ్మ ఈ నెలల రాలే" అన్నది దీక్షిత.

కుడిదిక్కు ఒక రక్తపు నరం సన్నవడ్డదని, ఆపరేషన్ అక్కర లేదు, మందులు తప్పకుండ వాడితే చాలన్నడు డాక్టరు. నా పానం లేచొచ్చింది. ఆయన ఫిల్మును లైటుకు పెట్టి చూపిస్తే, అవ్వ కండ్లు చిట్లించి చూసింది.

"గింతేనా నా నెత్తి? గోబీపువ్వంత లేదు. గిండ్లనే మీ నాయిన లొల్లి, నీ లొల్లి ఎట్ల వట్టినయి కొడుకా?"

డాక్టరు పకపక నవ్విండు. మామ మాత్రం నవ్వలే. ఫిల్మును రెండు చేతుల పట్టుకుని, పెండ్లి ఫొటో చూసినట్టు శానసేపు చూసిండు.

"బొమ్మల మస్తు పడ్డవక్కా" అన్నడు.

అవ్వ సిగ్గువడి కొంగు సర్దుకున్నది.