కిడ్డో ఎక్కడున్నా కౌంటర్ దగ్గరికి రావాలి

మస్కట్‌లో ఒక సూపర్‌మార్కెట్‌ని ఒంటిచేత్తో తలకిందులు చేసిన ఘనత నాది. నవ్వండి, పరవాలేదు. ఆ రోజు అక్కడ నవ్వనిది నేనొక్కదాన్నే.

కడప నుంచి ఇంటిపనికి వచ్చిన కొత్త. మా సారూ మేడమూ బొంబాయి వాళ్లు. ఐదేళ్ల కూతుర్ని పొద్దున లేచింది మొదలు "కిడ్డో, పాలు తాగు", "కిడ్డో, బూట్లేసుకో" అంటుండేవాళ్లు. నేనూ కిడ్డో అన్నాను, పిల్ల పలికింది. ఇంకేం కావాలి?

ఒకరోజు పిల్లా నేనూ మస్కట్‌లోని హమ్రియా పేటలో ఆ సూపర్‌మార్కెట్‌కి సరుకులకి వెళ్లాం. పాల డబ్బా మీద తేదీ చూసి తలెత్తేసరికి పిల్ల లేదు! సబ్బుల దగ్గర లేదు, బియ్యం బస్తాల వెనకా లేదు. నా ప్రాణం పోయినంత పనైంది. పరాయి దేశంలో పరాయి బిడ్డను పోగొట్టుకుని ఏ మొహంతో ఇల్లు చేరేది?

మైకున్న కౌంటర్ దగ్గరికి పరిగెత్తాను. అక్కడున్నది కరీంనగర్ అబ్బాయి.

"పొల్ల పేరేందక్కా?"

"కిడ్డో."

"గది పేరు కాదక్కా. చిన్నపిల్లలను ఇంగ్లీషుల ముద్దుగ గట్లంటరు. అసలు పేరు చెప్పు."

"ఏమబ్బీ, పేరు కాకుంటే అమ్మానాయనా అదే యాల పిలుస్తాండారు? మా తమ్ముణ్ణి మేం చిన్నోడంటే ఊరంతా చిన్నోడనే అంటాది. ముందు నువ్వు మైకులో చెప్పు!"

నా ఏడుపు చూడలేక హిందీలో చెప్పేశాడు. "కిడ్డో ఎక్కడున్నా కౌంటర్ దగ్గరికి రావాలి!"

వచ్చారు. చాక్లెట్లు పంచుతున్నారనుకున్నారో ఏమో, షాపులో ఉన్న పిల్లలంతా వచ్చారు. ఒక బుడ్డోడు నా కొంగు పట్టుకుని వదలనంటాడు. వెనకే తండ్రులు. "నా కొడుకుని పిలిచిందెవరు?" అని ఒకాయన హిందీలో గద్దించాడు. నేను కరీంనగర్ అబ్బాయిని చూశాను. అతను షాపు పైకప్పు చూశాడు.

అంతలో గేటు దగ్గరి సెక్యూరిటీ మా పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "భాయ్, మైకులో చెప్పు. ఓబులమ్మ అనే ఆమె తప్పిపోయిందట. పాపం, ఏడుస్తుంటుందని ఈ పాప కంగారుపడుతోంది."

ఓబులమ్మంటే నేనే. బిడ్డను వాటేసుకుని భోరుమన్నాను. ఆ తర్వాత కోపమొచ్చింది. వచ్చీరాని హిందీలో అరిచాను.

"పిలిస్తే రావేం?"

"కిడ్డో అని అందర్నీ అంటారు. నా పేరు అనన్య."

"మరి నా పేరు నీకెవరు చెప్పారే?"

"నువ్వొచ్చిన రోజే నేనడిగాను కదా. నువ్వే నన్నడగలేదు."

కరీంనగర్ అబ్బాయి మైకు ఆపడం మరిచిపోయాడు. ఆ మాట షాపంతా వినింది.

అక్కడికక్కడే, ఆ తండ్రులందరి సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఇక ఏ ఇంట్లో పనికి చేరినా ముందు బిడ్డ పేరు అడుగుతాను. వంటిల్లు ఎక్కడని ఆ తర్వాతే.