బాలింత గదిలో రాక్షసిబొగ్గు

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇంజనులో బొగ్గు వేసేవాడికి పగలూ రాత్రీ ఒళ్లు హూనమే, దెయ్యాల గురించి ఆలోచించే ఓపిక ఎక్కడిది? కర్గీ రోడ్ స్టేషన్ దాటాక అడవిలో బండి గంటలకొద్దీ ఆగిపోయినా నాకు నిద్రే వచ్చింది గానీ భయం రాలేదు. అయినా ఇది చెప్పాలి.

అప్పటికి నేను బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్‌లో ఫైర్‌మ్యాన్‌ని. మాకిచ్చిన క్వార్టర్ ఒకటే గది, ముందొక అరుగు. కిటికీ లేదు. పైకప్పు కింద చెయ్యి పట్టేంత కంత ఒకటి ఉండేది. ఇక్కడి చలి మా శ్రీకాకుళం వైపు వాళ్లకి అలవాటు లేదు. ఆ కంతలో మా అమ్మ గోనెసంచి కుక్కేసింది.

మా వైపు బాలింత మంచం కింద కుంపటి ఆరకూడదు. ఊళ్లో అయితే పిడకలు, తాటాకిల్లు. పొగ కప్పులోంచే పోతుంది. ఇక్కడ పిడకలెందుకని షెడ్ నుంచి నేనే రాక్షసిబొగ్గు తెచ్చిచ్చేవాణ్ణి.

మొదటి బిడ్డ ఆ గదిలోనే తొమ్మిదో రోజు పోయింది. చలి కొట్టిందన్నారు. అందుకే రెండో కాన్పుకి అమ్మ ఆ ఆచారాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. కుంపటి పెద్దది పెట్టింది, తలుపు కింద సందులో కూడా పాతగుడ్డ దూర్చింది. ఈ బిడ్డనైనా దక్కించుకోవాలని అందరి తాపత్రయం. నేనూ ఎదురు చెప్పలేదు.

వారం తిరిగిందో లేదో, ఒక మధ్యాహ్నం. రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఆ గదిలోనే గోడవార చాప వేసుకుని పడుకున్నాను. పురిటి గదిలో మగాడు పడుకోకూడదంటారు. ఉన్నది ఒకటే గది, ఆ చలికి ఇంకెక్కడికి పోను? నా భార్య నరసమ్మ, బిడ్డ మంచం మీద. అమ్మ తలుపు మూసి, అరుగు మీద ఎండలో బియ్యం ఏరుకుంటోంది.

మాకు డ్యూటీ పడితే షెడ్ నుంచి కాల్‌మ్యాన్ వస్తాడు. కర్రతో తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, పుస్తకంలో సంతకం పెట్టించుకుంటాడు. ఎవరు లేపినా లేవను గానీ ఆ కర్ర చప్పుడికి నిద్రలోనే లేచి నిలబడేవాణ్ణి. ఆ రోజూ మూడు దెబ్బలు పడ్డాయి. నన్ను పేరు పెట్టి డ్యూటీకి పిలిచారు.

ఇప్పుడే కదా దిగొచ్చాను, వీడి దుంప తెగ అనుకుంటూ లేవబోతే కాళ్లు రాలేదు. తల ఎత్తలేకపోయాను. పాక్కుంటూ వెళ్లి తలుపు లాగి, అమ్మ కాళ్ల దగ్గర పడి కక్కుకున్నాను. కాల్‌మ్యాన్ ఏడీ అని అడిగాను.

"ఎవలూ రానేదురా. నానిక్కడే కూకున్నాను కదా" అంది అమ్మ.

లోపల నరసమ్మ పలకలేదు. ఇద్దరినీ ఎండలోకి లాక్కొచ్చాం. బిడ్డ చాలాసేపటికి గానీ ఏడవలేదు. డాక్టరు వచ్చి కుంపటి చూశాడు. మూసిన గదిలో ఈ బొగ్గు నుంచి వాసన తెలియని విషవాయువు వస్తుందని, ఇంకాసేపైతే ముగ్గురూ పోయేవాళ్లమని అన్నాడు. అమ్మ తల బాదుకుంది. బొగ్గు తెచ్చింది నేనే. మొదటి బిడ్డ మాట ఎవరమూ ఎత్తలేదు.

తర్వాత మా క్వార్టర్ల లైన్లో బాలింతలున్న ఇళ్లకి తిరిగి, కుంపటి బయట పెట్టండని చెప్పాను. ముసలమ్మలు తిట్టారు. అచ్ఛా, తిట్టుకోండి అన్నాను.

షెడ్‌లో పుస్తకం చూపించమన్నాను. ఆ రోజు నా పేరు లేదు. కాల్‌మ్యాన్ మా లైన్ వైపే రాలేదట. నిద్రమత్తులో కల అన్నారు, నేనూ అలాగే సరిపెట్టుకునేవాణ్ణి. కానీ వారం తర్వాత నరసమ్మ తనంతట తనే అంది.

"ఆ కర్ర చప్పుడు నానూ ఇన్నాను. మూడుసార్లు కొట్టారు. నాకు నోరు పెగల్నేదు."

మూడు దెబ్బలని నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కొట్టిందెవరో నాకు ఇప్పటికీ తెలీదు. దేవుడే అంటుంది నరసమ్మ. కావచ్చు. మొదటి బిడ్డ పోయిన మధ్యాహ్నం కూడా నేను ఆ చాప మీదే పడుకుని ఉన్నాను. సాయంత్రం తలనొప్పితో నా అంతట నేనే లేచాను. ఆ రోజు నన్నెవరూ పిలవలేదు.