బందైన రోడ్డు మీదుగా వచ్చిన నాయిన

ఆ రోజుల్లో ఫోనులో వినిపించిన మాటకున్న మర్యాద, ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషికి ఉండేది కాదు. మా పేట మొత్తానికి ఫోన్లు రెండో మూడో. అంత ఖరీదైన యంత్రం అబద్ధం ఎందుకు చెబుతుందని మా అందరి నమ్మకం. అందరికన్నా ఎక్కువగా నమ్మినదాన్ని నేను. అప్పుడే పి.యు.సి. గట్టెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో విజయవాడ రోడ్డు మీదున్న ఒక లారీ కంపెనీ ఆఫీసులో ఫోను దగ్గర కూర్చునే ఉద్యోగంలో చేరాను. నల్లటి రిసీవరు చెవికి ఆనించుకుని "హలో" అన్నప్పుడల్లా నా గొంతు నాకే ముద్దుగా ఉండేది. మా నాయిన అదే కంపెనీలో లారీ డ్రైవరు. ఆయన సిఫారసు మీదే నాకా కుర్చీ దొరికింది (పి.యు.సి. మార్కులు చూసి మాత్రం కాదు).

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు మొదలయ్యాక మా మేనేజరు గారు గోడకు ఒక అట్ట బోర్డు పెట్టించారు. ఆయనది గుడివాడ వైపు. మంచివాడే గాని, పద్ధతి అంటే ప్రాణం. బోర్డు మీద మా లారీలు తిరిగే రోడ్లన్నీ గీసి ఉండేవి. రోడ్డు బాగుంటే పచ్చ పిన్ను, బందయితే ఎర్ర పిన్ను. పిన్ను మార్చాలంటే ఫోనులో సమాచారం రావాలి. "వీధిలో వెయ్యి మాటలు అనుకుంటారమ్మాయ్, వాటికి పూచీ ఎవరు? ఫోనంటే అవతల మనిషి ఉంటాడు," అనేవారు. అందుకని రోజూ పొద్దున్నే నేను ఎల్.బి.నగర్ పక్కనే కర్మన్‌ఘాట్‌లో ఉన్న మా కంపెనీ గోదాముకు ఫోను చేసి అక్కడి రోడ్డు సంగతి కనుక్కోవాలి. గోదాములోని ముసలి గుమాస్తాను అందరం గోదాం తాత అనేవాళ్లం. చెవులు కాస్త దూరం కావడంతో ఆయన మాట్లాడితే రిసీవరు అవతల నుంచి గదంతా వినపడేది.

మొదటి రోజు నిజంగానే ఎల్.బి.నగర్ దగ్గర రోడ్డు మీద టైర్లు కాల్చారు, రాళ్లు పడ్డాయి. ఎర్ర పిన్ను నేనే గుచ్చాను. ఆ సమయానికి మా నాయిన లారీతో సూర్యాపేటలో ఉన్నాడు. పచ్చ పిన్ను పడేదాకా కదలొద్దని అక్కడి బ్రాంచికి ట్రంక్ కాల్ వెళ్లింది. ఆ తర్వాత రోజూ ఒకటే పాట. "రోడ్డు ఇంకా బందేనా తాతా?" "ఆ, బందే బిడ్డా." పిన్ను కదలలేదు. ఎల్.బి.నగర్ అవతల నుంచి పాలు తెచ్చే మనిషి "రోడ్డు సాఫ్ ఉన్నదమ్మా" అని రోజూ చెప్పేవాడు. మేనేజరు గారు ఆయన పాలతో టీ తాగేవారు గాని ఆయన మాట మాత్రం తీసుకునేవారు కాదు. ఇంట్లో అమ్మ మోకాళ్ల మీద ఉండి ప్రార్థన ముగించుకుని, కళ్లు తుడుచుకుంటూ "పిన్ను మారిందా?" అని అడిగేది. ప్రభువు కన్నా ముందు ఆ బోర్డుకే తెలుస్తుందన్న నమ్మకం ఆమెకు నేనే పుట్టించాను.

ఒకరోజు పొద్దున్నే సూర్యాపేట నుంచి ఫోను. మా నాయిన ఎవరితోనూ చెప్పకుండా తెల్లవారుజామునే బండి తీశాడట. మేనేజరు గారు "ఎర్ర పిన్ను ఉండగా ఎవరు బయల్దేరమన్నారు?" అని బోర్డు వైపు తిరిగి కోప్పడ్డారు. నేను గోదాముకు ఫోను చేశాను. బందే. కాసేపటికి మళ్లీ చేశాను. బందే. ఉండబట్టలేక, "బండ్లు గిన తగలబెడుతున్నరా తాతా?" అని అడిగాను. ఆయన "ఏమో బిడ్డా" అన్నాడు. ఇంకో గంటకు మళ్లీ ఫోను చేస్తే, నేను అడగకముందే, "బండ్లు తగలబెడుతున్నరంట బిడ్డా, జర పైలం," అన్నాడు. ఆ మాట మేనేజరు గారికి చేరవేశాను. ఆయన లేచి వెళ్లి ఎర్ర పిన్ను పక్కనే ఇంకో ఎర్ర పిన్ను గుచ్చారు. ఆ రెండు పిన్నుల మధ్య మా నాయిన ఎక్కడున్నాడోనని చూస్తూ కూర్చున్నాను. అన్నం గిన్నె మూత కూడా తీయలేదు. నేను గుచ్చిన పిన్నుకి నేనే వణికిపోయాను.

మధ్యాహ్నం దాటాక బయట లారీ ఆగిన చప్పుడు. నాయిన లోపలికి వచ్చాడు. చొక్కా నలగడం తప్ప ఒంటి మీద గీత లేదు.

"ఎలా వచ్చావయ్యా?" అన్నారు మేనేజరు గారు.

"రోడ్డు మీదనే వచ్చిన సార్. ఎల్.బి.నగర్ల చాయ్ గూడ తాగిన. అంత ఖాళీగనే ఉన్నది."

"అదెలా కుదురుతుంది? రోడ్డు బంద్ కదా." ఆయన నా వైపు తిరిగి గోదాముకు ఫోను చేయమన్నారు. నేను నోరు తెరవకముందే తాత, "బందే బిడ్డా," అని అరిచాడు. నాయిన నా చేతిలోంచి రిసీవరు తీసుకున్నాడు.

"కాకా, నువ్వు రోడ్డు మీదికి పోయి చూసినవా?"

"నేనెందుకు పోత? గొడవలు మొదలైన కాడికెల్లి లోపల్నే తాళమేసుకొని ఉన్న."

"మరి బందని నీకెవరు చెప్పిన్రు?"

"నీ బిడ్డనే. పొద్దుగాల్నే ఫోన్ చేసి బందేనా అంటది. ఆఫీసోళ్లకు తెల్వకుంట అడుగుతరా అని ఔనంట. బండ్లు తగలబెడుతున్నరని గూడ ఆమెనే చెప్పె."

నేను బల్ల కింద దూరడానికి చోటుందా అని చూశాను. మేనేజరు గారు గొంతు సవరించుకుని, "అంటే అక్కడి నుంచి సమాచారమే లేదన్నమాట. సమాచారం లేకుండా పిన్ను మార్చేదెలా?" అన్నారు.

"నేను చెప్తున్న గద సార్."

"నువ్వు ఇక్కడున్నావు కదయ్యా. ఎల్.బి.నగర్ సంగతి దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడి చెబితే ఎలా?"

నాయిన ఆయన్నీ బోర్డునూ మార్చి మార్చి చూశాడు. తువ్వాల భుజం మీద వేసుకుని బయటికి నడిచాడు. లారీ మళ్లీ ఎల్.బి.నగర్ వైపే తిరిగింది. రోడ్డు బాగుందని ఇప్పుడే విన్నదాన్ని, ఆ రోడ్డు మీదే క్షేమంగా వచ్చిన మనిషిని కళ్లారా చూసినదాన్ని. అయినా గోడ మీద రెండు ఎర్ర పిన్నులు అలాగే ఉండేసరికి నాకు మళ్లీ భయం పట్టుకుంది. వెళ్లొద్దని పిలవబోయి, మేనేజరు గారి ముందు బాగుండదని ఊరుకున్నాను.

ఎంతసేపటికో ఫోను మోగింది. అవతల నాయిన.

"సారుకు చెప్పు బిడ్డా. గోదాం కాడికెల్లి మాట్లాడుతున్న. ఎల్.బి.నగర్ రోడ్డు సాఫ్ ఉన్నది."

చెప్పాను. మేనేజరు గారు హాయిగా ఊపిరి పీల్చుకుని, తానే లేచి ఎర్ర పిన్నులు రెండూ పీకి పచ్చది గుచ్చారు. "చూశావా అమ్మాయ్, పద్ధతి ప్రకారం వస్తే మార్చనన్నానా?" అన్నారు. ఆ మాటకు నవ్వొచ్చి ఉండాల్సింది. ఇన్నేళ్లుగా ఈ కథ ఎవరికి చెప్పినా వాళ్లు ఇక్కడే నవ్వుతారు, నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. తర్వాత జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పచ్చ పిన్ను చూడగానే పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది.

"ఏందే, ఏడుస్తున్నవా?" అన్నాడు నాయిన ఫోనులో. "ఇందాక నీ ముంగట్నే నిలబడ్డ గద."

ఏం చెప్పను? ముక్కు ఎగబీల్చుకుంటూ, "పచ్చ పిన్ను పెట్టిన్రు నాయినా, ఇగ రా," అన్నాను.