ఫారంలో రాయని ఆర్కెస్ట్రా

ఇక్కడ గల్ఫ్‌లో, ఘుబ్రాలో నేను పనిచేసే తెలుగువాళ్ళింట్లో నిన్న పాప హోంవర్క్ చేస్తూ, "ఆంటీ, ఆర్కెస్ట్రా అంటే గ్రీకు భాషలో మొదట డాన్స్ చేసే చోటంట. తర్వాత అక్కడ కూర్చుని వాయించేవాళ్ళకు ఆ పేరొచ్చిందంట" అంది. ఇస్త్రీ చేస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

కడప దగ్గర మన బడిలో నాతో చదివిన మీకు ఏడో తరగతి ఫారం గుర్తుందా? తల్లి ఏం పని చేస్తుందో రాయమన్నారు. మా అమ్మ జాతరల్లో ఆర్కెస్ట్రా వాళ్ళతో స్టేజీ మీద డాన్స్ చేసేది. ఇల్లంతా పౌడరు వాసన, దండెం మీద చెమ్కీ జాకెట్లు. మీరంతా నవ్వుతారని నేను "కుట్టుపని" అని రాశాను.

చదువు రాని అమ్మ ఆ కాగితం చూసి, "ఏం రాస్తివి మే?" అని అడిగింది.

"ఆర్కెస్ట్రా అని రాస్తిని మా."

అమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమి మురిసిపోయింది.

ఈరోజు ఫోన్ చేసి పాప చెప్పిన అర్థం అమ్మకు చెప్పాను. ఆ పేరు ముందు డాన్స్ చేసేవాళ్ళదేనన్నాను.

"నీకు అది సిన్నప్పుడే తెల్సు గదా మే. అందుకే రాస్తివి" అంది.

అమ్మకు నిజం చెప్పలేదు. మీకు మాత్రం చెబుతున్నాను.